పిగిలిపిట్టకు పరాయి పేర్లు

మా కోయంబత్తూరి ఇంటి పెరటిలో ఒక దానిమ్మచెట్టు కలదు. దానిపై ఏటేటా గూడు కట్టు పిట్టను మేము చిన్ననాటినుండియు ఎఱుగుదుము. నల్లని తల, తలపై చిన్న కుచ్చు, పొలుసులు దిద్దినట్టి గోధుమవన్నె మేను, తోకక్రింద కుంకుమ అద్దినట్లు ఎఱ్ఱదనము. గ్రుడ్లు రెండో మూడో పెట్టును. అవి లేత గులాబివన్నెపై ఎఱ్ఱచుక్కలు చిలికినట్లుండును. పండ్లు తినును, పురుగులనూ తినును. మనుష్యులనిన దానికి బెదురు లేదు. ఇంతగా ఎఱిగిన పిట్టకు తెలుగు పేరేమని నిరుడు మా మనుమరాలు అడిగినపుడు మేము నీళ్లు నమలితిమి.

"బళ్లో బుల్‌బుల్ అన్నారు తాతా, మనమేమంటాము?" అనినది.

మా నోటికి వచ్చినది 'కొండైకురువి'. అది తమిళము. మా అవ్వ మఱేదో అనెడిది. ఆ మాట పకారముతో మొదలగునని మాత్రము జ్ఞాపకమున్నది. మధురలోని మా పెత్తల్లిగారిని టెలిఫోనులో అడిగితిమి. ఆమెయు కొండైకురువి యనియే చెప్పి, "దానికి తెలుగెందుకురా ఇప్పుడు?" అని నవ్వినది. నాలుగు వందల ఏండ్లకు పైగా ఇంటిలో తెలుగు నిలుపుకొంటిమని సభలలో చెప్పుకొనువారము, పెరటిలోని పిట్టవద్ద పట్టుబడితిమి.

తుదకు ఆ మాట దొరికినది ఒక ఇంగ్లీషు పుస్తకమున. టి. సి. జెర్డన్ అను వైద్యుడు కంపెనీవారి కొలువులో నెల్లూరున సివిల్ సర్జనుగా ఉండినవాడు. 1862-64 నడుమ వెలువడిన తన 'భారతదేశ పక్షులు' అను గ్రంథమున ఆయన పిట్టల పేర్లను హిందుస్తానీ, తెలుగు, తమిళములలో గూడ చేర్చినాడు. ఈ పిట్టకు తెలుగున 'పిగ్లిపిట్ట' యని యున్నది. చదివినంతనే మా అవ్వ గొంతు వినబడినట్లైనది. ఆ సీమ యానాదులనుండి జెర్డన్ జంతువుల సంగతులు గ్రహించెనని చెప్పుదురు. ఈ పేరును ఆయనకు అందించినది ఎవరో గాని, మాకు వారు ఋణదాతలు.

ఇక బుల్‌బుల్ సంగతి. బడిపిల్లలు ఇంగ్లీషని నేర్చునది నిజమునకు ఇంగ్లీషే కాదు. అది పారసీకము. పారసీక కవులకు బుల్‌బుల్ అనగా గులాబిని వలచి రాత్రులు పాడు పక్షి, దొరలు నైటింగేల్ అనునది. పారసీకము చదివినవారు ఈ దేశమునకు వచ్చి, ఇచ్చటి తోటలలో ఆ పక్షి లేక, ఆ పేరును ఈ పిట్టకు తొడిగిరి. దొరలు దానినే పుచ్చుకొనిరి. యూల్, బర్నెల్ అనువారు 1886లో ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' అను నిఘంటువున ఈ మాటయు చేరినది. ఆ బర్నెల్ తంజావూరున న్యాయాధిపతిగా ఉండినవాడు. మనవారు చేసినదియు ఇట్టిదే. నైటింగేలును కోకిల చేసి, సరోజినీ నాయుడుగారిని భారతకోకిల యనిరి. పేరు ఒక పిట్టకు దక్కినది, కీర్తి మఱియొక దానికి! పిగిలిపిట్టది పాటయే కాదని పెదవి విఱచువారు కలరు. వారు తెల్లవాఱుజామున లేచువారు కారని మా అనుమానము.

శాస్త్రనామము కథ ఇంతకంటె వింత. 1766లో లిన్నేయస్ పండితుడు ఈ పిట్టకు 'కాఫెర్' అను పేరు పెట్టినాడు. ఆఫ్రికా దక్షిణాగ్రముననున్న గుడ్‌హోప్ అగ్రమునుండి వచ్చినదని ఆయనకు అందిన సమాచారము. ఆ పిట్ట ఆ సీమది కానే కాదు. నమూనా సింహళమునాటిదని పిమ్మట పండితులు నిర్ణయించిరి. ఐనను, ముందు పెట్టిన పేరే చెల్లవలెనను నియమముచే తప్పు తప్పుగనే నిలిచినది. ఆ మాట దక్షిణాఫ్రికాలో నల్లవారిని అవమానించు తిట్టుగా మాఱినది. 2024లో మాడ్రిడ్ నగరమున కూడిన వృక్షశాస్త్రజ్ఞులు ఓటు వేసి మొక్కల పేర్లలోని ఆ మాటను దిద్దిరి. జంతువుల నామకరణమునకు నియమావళి వేఱు. పిగిలిపిట్ట మెడలో ఆ పలక ఇంకను వ్రేలాడుచున్నది.

మమ్మును ఈ నాట వడుగరనిరి, ఉత్తరపువారని అర్థము. ఆ ఉత్తరమున మా ఊరేదో మా ఇంట ఎవ్వరును చెప్పలేరు. నాయకరాజుల దండుతో వచ్చితిమనువారు కొందఱు, కఱవునకు వచ్చితిమనువారు కొందఱు. మా తండ్రిగారు ఆ ప్రసక్తి వచ్చినప్పుడెల్ల చెఱుకుతోట లెక్కలలోనికి మరలెడివారు.

తమిళుల మాటను మేము చిన్నచూపు చూచుట లేదు. కొండై యనగా కొప్పు, పిట్టను చూచి పెట్టిన పేరు. మాకు తెలుగుకంటె ముందుగా నోటికి వచ్చినదియు అదియే కదా! మా ఊరికి చేరువనున్న ఆనైకట్టిలో 1990లో సాలిమ్ అలీగారి పేర పక్షిశాస్త్ర కేంద్రము వెలసినది. అచ్చటికి మనుమరాలిని తీసికొనిపోవలెనని తలచియున్నాము.

పేరు దొరికిన దినముననే మధురకు మరల టెలిఫోను చేసితిమి. "పిన్నమ్మలందఱును పిగిలిపిట్ట యనెడివారు కదా?" అని అడిగితిమి. పెత్తల్లిగారు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "పిగిలి కాదురా, పికిలి. మా అమ్మ పికిలి అనేది. దానిమ్మపండ్లకు గుడ్డ కట్టమనేది, పికిలి తినిపోతుందని" అనినది.

మనుమరాలు తన పుస్తకమున రెండును వ్రాసికొన్నది.