జహీరాబాద్ చేలల్లో ఎల్లమాస

చలికాలం రాగానే తెలంగాణ పేపర్లలో కోహిర్ పేరు పదే పదే కనబడుతుంది. రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువగా వణికిన ఊళ్లేవో రాసేటప్పుడు ఆదిలాబాద్ అడవిపల్లెల పక్కనే సంగారెడ్డి జిల్లా నుంచి కోహిర్, న్యాల్‌కల్ కూడా ఉంటాయి. అడవి మధ్యలో చలి ఉందంటే నమ్ముతాం. ఈ మెట్టపొలాల్లో అంత చలేమిటని చాలామందికి ఆశ్చర్యం. జహీరాబాద్ సముద్రమట్టానికి ఆరు వందల మీటర్ల పైన ఉంది. ఇక్కడ శిఖరాలు లేవు, ఘాట్ రోడ్ల మెలికలు లేవు. నేల మొత్తంగా పైకి లేచి, బీదర్ దాకా ఎర్రటి పీఠభూమిగా పరుచుకుంది. ముంబై హైవే మీద కారులో దూసుకుపోయేవాళ్లకు తామొక ఎత్తయిన నేల మీద ఉన్నామన్న సంగతే తెలియదు.

అందుకే నేను రైల్లో వెళ్లాను. వికారాబాద్‌లో వాడి, గుల్బర్గా వైపు పోయే పెద్ద లైను వదిలి, పర్లీ వైపు మళ్లే దారి ఇది. నిజాం కాలంలో వేసిన లైను. మర్పల్లి దాటాక కిటికీలోంచి నేల రంగు మారుతూ ఉంటుంది. కాసేపు నల్లరేగడి, కాసేపు ఇటుకపొడి లాంటి ఎర్రమట్టి, మళ్లీ నల్లరేగడి. స్టేషన్ బోర్డు మీద ‘కోహీర్ దక్కన్’ అని ఉంటుంది. ఆ పేరు చదవగానే జామపండు గుర్తొచ్చే పాతతరం హైదరాబాదీలు ఇంకా ఉన్నారు. కోహిర్ జామకు ఒకప్పుడు అంత పేరు. స్టేషన్‌లో గంప ఎక్కించిన ఒక అక్క దగ్గర నాలుగు కాయలు కొన్నాను. చలికి గట్టిపడిన కాయ, కొరికితే లోపల తీపి.

జహీరాబాద్ పట్టణంలో చూడటానికి ఏముందని అడిగితే ఊరివాళ్లే తడుముకుంటారు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, చెరకు లారీలు, అల్లం బస్తాలు, ఆలుగడ్డ మండీ. చూడటం పక్కన పెట్టి కూర్చుని వినడానికైతే ఈ ఊరు బంగారం. పొద్దున టీకొట్టులో ఒకే బల్ల మీద తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ నాలుగూ నడుస్తున్నాయి. ఒకాయన ఉర్దూలో మొదలుపెట్టిన మాటను తెలుగులో ముగించాడు, పక్కాయన కన్నడలో జవాబిచ్చాడు. ఎవరికీ అది వింత కాదు. హైవే ధాబాల్లో బిర్యానీ, తందూరీ ఎక్కడైనా దొరికేలాగే దొరుకుతాయి, వాటి కోసం ఇంత దూరం రానక్కర్లేదు. ఇక్కడ అడగాల్సింది జొన్నరొట్టె. వేడిగా పొంగినదొకటి, ఎండబెట్టి కరకరలాడే కడక్ రొట్టె ఒకటి. పక్కన పుంటికూర పచ్చడి, అవిసెల కారం, ఒక పచ్చి ఉల్లిగడ్డ. నేను తిన్న చిన్న మెస్సులో బోర్డు కూడా లేదు. లోపల ఇద్దరు ఆడవాళ్లు అరచేతుల మధ్య రొట్టె చరుస్తున్న చప్పుడే దాని బోర్డు.

ఆ జొన్నరొట్టె ఇక్కడ ఇంకా బతికి ఉండటానికి ఒక చరిత్ర ఉంది. పట్టణాన్ని ఆనుకున్న పస్తాపూర్‌లో 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్ దాని స్థాపకుల్లో ముఖ్యుడు. బీడుపడిన తునకల భూములున్న దళిత మహిళలు ఊరూరా సంఘాలు కట్టారు. ఆ బీళ్లను దున్ని జొన్న, కొర్ర, సామ, తైదలు వేశారు. రేషన్ బియ్యం మాత్రమే తిండిగా మారుతున్న రోజుల్లో, తమ ఊళ్లో పండిన జొన్నలనే తమ ఊళ్లో పేదలకు పంచే ఏర్పాటు చేసుకున్నారు. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది, దాన్ని నడిపేది పొలం పనులు చేసే ఆడవాళ్లే. జహీరాబాద్‌లో ‘కేఫ్ ఎత్నిక్’ అనే చిరుధాన్యాల హోటల్ పెట్టిందీ ఈ సంస్థే. నగరాల్లో మిల్లెట్ అనే మాట ఫ్యాషన్ కాకముందు సంగతి అది. 2019లో సంస్థకు ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఐక్యరాజ్యసమితే చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లో, మార్చి నెలలో, సతీష్ కన్నుమూశారు. సంక్రాంతి వేళ సంఘాల వాళ్లు ఎడ్లబండ్లు అలంకరించి, విత్తనాల బుట్టలు పెట్టుకుని ఊరూరా తిప్పే పాత పంటల జాతర రెండు దశాబ్దాలకు పైగా సాగుతున్న పండుగ. ఈ ప్రాంతానికి ఎప్పుడు వస్తే బాగుంటుందని అడిగినవాళ్లకు నేను మొదట చెప్పేది ఆ రోజులే.

రెండోది ఎల్లమాస. నేను వెళ్లింది దానికోసమే.

మార్గశిర మాసం చివర వచ్చే అమావాస్య అది. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాల్లో ఎల్లమాస అంటారు. సరిహద్దు అవతల బీదర్, కలబురగి జిల్లాల్లో ఎళ్ల అమావాస్య, మరాఠ్వాడాలో వేళ అమావాస్య. మూడు రాష్ట్రాల రైతులు ఒకే రోజు ఇల్లు వదిలి చేలల్లో తింటారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లలో దీని పేరు విన్నవాళ్లు తక్కువ. వంద కిలోమీటర్ల దూరంలో ఇంత పెద్ద వనభోజనం జరుగుతుంటే మనకు తెలియకపోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

ఝరాసంగం దారిలో ఒక స్నేహితుడి పల్లె. తెల్లవారుజామున చేనికి నడిచాం. మంచు ఎంత కురిసిందంటే శనగచేను గట్టు దాటేసరికి మోకాళ్ల దాకా ప్యాంటు తడిసిపోయింది. ఆ శనగ, కుసుమ, అవిసె, ధనియాలు, గోధుమలను ఈ ఊళ్ల ఆడవాళ్లు సత్యం పంటలంటారు. నీరు కట్టరు, ఎరువు వేయరు. వానాకాలం తడిని దాచుకున్న నల్లరేగడి, రాత్రిపూట దిగే మంచు, ఈ రెంటితోనే అవి పండుతాయి. పుస్తకంలో చదివినప్పుడు అతిశయోక్తి అనుకునే మాట, తడిసిన కాళ్లతో ఆ చేలో నిలబడితే అతిశయోక్తి అనిపించదు.

చేను మధ్యలో జొన్నచొప్పతో చిన్న పందిరి కట్టారు. లోపల అయిదు రాళ్లు. సున్నం పూసి, కుంకుమ బొట్లు పెట్టి వరుసగా నిలబెట్టారు. పంచపాండవులు. పూజ అయ్యాక ఇంటి పెద్దాయన గిన్నెలో అన్నం, భజ్జి, అంబలి కలుపుకుని కేకలు వేస్తూ చేను చుట్టూ చల్లుకుంటూ పోయాడు. ఆయన వెనక పిల్లల పరుగు. ముందు భూమికి పెట్టి, ఆ తరవాతే మనుషులు కూర్చోవాలి.

భజ్జి గురించి కాస్త వివరంగానే చెప్పాలి. ఇది నూనెలో వేగే బజ్జీ కాదు, కూర. ఆ రోజు చేలో, పెరట్లో ఏది పచ్చిగా దొరికితే అదంతా అందులోకే. పచ్చి శనగలు, లేత కందులు, చిక్కుడు, బఠానీ, వంకాయ, మెంతికూర, ఇంకా ఏవేవో ఆకులు. చింతపండు పులుపు, శనగపిండి చిక్కదనం, పైన వెల్లుల్లి తాలింపు. పెద్ద గంజులో రాత్రే వండి పెడతారు, తెల్లారేసరికి రుచులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. దానిలోకి నువ్వులద్దిన సజ్జరొట్టె. చివర మజ్జిగ కలిపిన జొన్న అంబలి. నేను చాలా చోట్ల తిన్నాను, చాలా వాటిని మెచ్చుకుంటూ రాశాను. చలిగాలిలో, చొప్ప మీద కూర్చుని తిన్న ఆ భజ్జికి సాటి వచ్చేది నాకు వెంటనే గుర్తు రావడం లేదు.

“ఇంకో రొట్టె ఏస్కో బిడ్డా, ఇయ్యాల లెక్కవెట్టి తినద్దు” అంది స్నేహితుడి తల్లి.

“కడుపు నిండింది పెద్దమ్మా.”

“గింత తింటే నిండుతదా? రెండడుగులు నడిచిరా పో, మల్ల ఆకలైతది.”

ఆమె చెప్పినట్టే చేశాను. ఎల్లమాస నాడు పక్క చేలోకి వెళ్తే అక్కడా కూర్చోబెడతారు. పరిచయం అక్కర్లేదు, కులం అడగరని మాత్రం నేను చెప్పలేను, కానీ ఆ రోజు చేనికి వచ్చిన మనిషిని తినకుండా పంపడం తప్పని అందరూ అనుకుంటారు. చింతచెట్టుకు ఉయ్యాల కట్టారు. పిల్లలు రేగుపళ్లకు ముళ్లకంపల్లో దూరారు. ముసలాయన ఒకాయన చెరకుగడ విరిచి చేతిలో పెట్టాడు. పట్నం రిసార్టుల్లో టికెట్ కొని చేసే సరదాలన్నీ అక్కడ ఉన్నాయి. మధ్యాహ్నం దాకా నడిచినా ఆ చేలు తరగలేదు.

ఆ నడకలోనే సర్వే రాళ్లు కనబడ్డాయి. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో పదిహేడు ఊళ్లలో 12,635 ఎకరాలను పారిశ్రామిక మండలి కోసం తీసుకోవాలన్నది ప్రభుత్వ ప్రణాళిక. అందులో మొదటి విడతగా 3,245 ఎకరాల్లో పారిశ్రామిక స్మార్ట్ సిటీకి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఉద్యోగాలు వద్దనే మాట నేననను. చదువుకున్న పిల్లలు పటాన్‌చెరు కంపెనీలకు వలస పోవడం ఈ ఊళ్లలో ఇంటింటి కథ. కానీ ఈ భూముల విలువ కట్టేటప్పుడు నీటి బోరు లేని భూమి అని తక్కువ ధర రాస్తారు. మంచుతోనే పండే భూమి అని రాసే గడి ఏ కాగితంలోనూ ఉండదు. ఎకరంలో పది పదిహేను రకాలు కలిపి పండించే చేను ఒకసారి పోతే, ఆ విత్తనం, ఆ భజ్జి, ఆ పండుగ వేరే చోట మొలవవు. ఆ సంగతి ఎవరైనా లెక్కలోకి తీసుకోవాలని నా కోరిక.

సాయంత్రం ఝరాసంగంలోని కేతకీ సంగమేశ్వరాలయానికి వెళ్లాం. శివపూజకు మొగలిపువ్వు పనికిరాదని, బ్రహ్మ కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పి శాపం పొందిందని పురాణం. ఇక్కడి శివుడు మాత్రం ఆ పువ్వునే స్వీకరిస్తాడు, కేతకి అన్న దాని పేరే తన పేరులో పెట్టుకున్నాడు. గుడి వెనక అమృతగుండంలో కర్ణాటక, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు స్నానాలు చేస్తున్నారు. శివరాత్రి జాతరకు ఇక్కడ కాలు పెట్టే చోటుండదట.

మర్నాడు అడవి. జహీరాబాద్‌కు నైరుతిగా వెళ్తే చదునైన నేల ఉన్నట్టుండి తెగి, లోయలుగా జారిపోతుంది. గొట్టంగుట్ట అక్కడే. ఆ అంచు దాటితే కర్ణాటక, చించోళి వన్యప్రాణి అభయారణ్యం. 2011లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. కొంచావరం చుట్టూ ఊళ్లలో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది, మధ్యమధ్య లంబాడీ తండాలు. మోదుగ, మద్ది, టేకు, దారి పొడవునా సీతాఫలం పొదలు. గుట్ట దిగి ఎక్కడం పెద్ద కష్టం కాదు. కాళ్ల కింద జారే ఎర్రటి గులకరాళ్లు, వాటి మీద రాలిన టేకాకులు, ఇవి రెండూ జాగ్రత్తగా చూసుకుంటే చాలు. కింద చంద్రంపల్లి జలాశయం, మూడు పక్కలా అడవి. వారాంతాల్లో వికారాబాద్ పక్కనున్న అనంతగిరి జనంతో నిండిపోతుంది. ఇక్కడ ఆ గట్టు మీద గంటసేపు కూర్చుంటే మాకు ఇద్దరు మేకల కాపరులు మాత్రమే కనిపించారు. రొట్టెల మూట విప్పాం. ఎల్లమాస మిగులు భజ్జి రెండో రోజు ఇంకా రుచి.

ఆ గట్టు మీద నాకు ఈ పీఠభూమి రూపం అర్థమైంది. చంద్రంపల్లి నీళ్లు ముల్లామారిలో, అది కాగిణలో, అది భీమలో కలిసి కృష్ణకు చేరతాయి. ముందురోజు బీదర్ రోడ్డు దగ్గర దాటిన నారింజ వాగు మంజీరలో కలిసి గోదావరికి పోతుంది. అంటే జహీరాబాద్ మీద కురిసిన వాన రెండుగా చీలి, రెండు మహానదుల్లోకి నడుస్తుంది. పైనున్న ఎర్ర జేగురు రాయి స్పాంజిలా రంధ్రాలతో ఉంటుంది. వాన దానిలోకి ఇంకి, కింద గట్టి నల్లరాయి తగలగానే పక్కకు మళ్లి, అంచుల్లో ఊటలై బయటపడుతుంది.

ఆ ఊటలు చూడాలంటే బీదర్ పోవాలి, ముప్పై కిలోమీటర్లు. కొండను తొలిచిన సొరంగంలో నడుములోతు నీళ్లలో నడిచి చేరే ఝరణి నరసింహస్వామి, బహమనీల కాలంలో నేల కింద తవ్విన కరేజ్ కాలువలు, గురునానక్ ఝీరా గురుద్వారా, అన్నిటికీ ఆధారం ఆ జేగురు రాతిలోంచి వచ్చే నీరే. గురుద్వారా లంగర్‌లో నేల మీద వరుసలో కూర్చుని రోటీ, పప్పు తిన్నాం. కోట గురించి ఇతరులు చాలా రాశారు, నేను వదిలేస్తున్నాను.

వెళ్లదలచుకున్నవాళ్లకు: పొద్దుటి రైలు, లేదా హైదరాబాద్ నుంచి రెండున్నర గంటల బస్సు. అడవికి బండి మాట్లాడుకోండి, చీకటి పడకముందే తిరిగి రండి. ప్లాస్టిక్ సీసా తీసుకెళ్తే ఖాళీదైనా వెనక్కి తెచ్చేయండి, ఆ గట్టు ఇంకా శుభ్రంగా ఉంది. జహీరాబాద్‌లో దిగి జొన్నరొట్టె ఎక్కడ దొరుకుతుందని ఆటో అన్నను అడగండి. ఎల్లమాసకు ఒకరోజు ముందు వస్తే మీకు మెస్సు అవసరం కూడా ఉండదు, ఎవరో ఒకరు తమ చేనికి తీసుకెళ్తారు.