కాగితం సంచిలో పంచదార

ఒకమ్మాయి నేలమీద పరుపు వేసుకుని కూర్చుని, కాగితం సంచిలోంచి చెంచాతో పంచదార తీసుకుని తింటోంది. తింటూనే ఉత్తరం రాస్తోంది. పంచదార ఒలికింది. దాన్నీ చెంచాతో ఎత్తి మళ్లీ సంచిలో పోసుకుంది. సంగీతం లేదు, కథ కదలదు. నేను మాత్రం రెప్ప వేయలేదు. ఇలాంటి సినిమా ఒకటుందని ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదేం!

పేరు ‘జ తూ ఇల్ ఎల్’. 1974లో తీసిందీ, ఆ అమ్మాయిగా నటించిందీ బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకర్మాన్. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. పేరుకి అర్థం నేను, నువ్వు, అతను, ఆమె. బడిలో ఉత్తమ పురుష, మధ్యమ పురుష, ప్రథమ పురుష అని వల్లె వేశాం చూడండి, కథంతా పేరులోని ఆ నాలుగు మాటల్లోనే ఉంది.

మొదటిరోజు సామానుకు నీలం రంగు వేశాననీ, రెండోరోజు ఆకుపచ్చ వేశాననీ ఆమె గొంతు చెబుతుంది. సినిమా చూస్తే బ్లాక్ అండ్ వైట్! ఆ రంగులు ఆమె మాటమీదే నమ్మాలి. నమ్మేశాను.

తర్వాత రోడ్డెక్కి, లారీ ఎక్కుతుంది. డ్రైవరు తన పెళ్లాం పిల్లల గురించి, కోరికల గురించి చెప్పుకుపోతాడు, ఆమె వింటుంది. చివరికి ఒకప్పటి ప్రియురాలి ఇంటికి చేరుతుంది. ఇక్కడ ఉండొద్దంటుంది ప్రియురాలు. ఆకలేస్తోందంటుంది ఈమె. ఆమె బ్రెడ్డుకి ఏదో పూసి ఇస్తుంది. ఇంకా కావాలంటే ఇంకోటి ఇస్తుంది. దాహమంటే తాగడానికి పోస్తుంది. వద్దన్న మనిషే వడ్డిస్తోంది! ప్రేమను ఇంత తక్కువ మాటల్లో ఇంకెక్కడా చూడలేదు నేను.

ఆ రాత్రి తెల్లటి దుప్పట్ల మీద ఆ ఇద్దరి శరీరాలు. నిమిషాల తరబడి. పెనుగులాటో, ఆటో, ఆబో తెలియదు, అన్నీ ఉన్నాయి. తెల్లారాక, ప్రియురాలు నిద్రలో ఉండగానే, ఈమె లేచి వెళ్లిపోతుంది. ఆడవాళ్లు ఆడవాళ్లను ప్రేమించే కథలంటే చివర ఎవరో ఒకరు చావడమో, కుమిలిపోవడమో చూసి చూసి ఉన్నాను. ఇక్కడ శిక్ష లేదు, సంజాయిషీ లేదు. ఆమెకు ఆకలేసింది, వచ్చింది. అంతే!

నిద్ర పట్టక అదే రాత్రి అకర్మాన్ మొట్టమొదటి సినిమా ‘సోత్ మా వీల్’ కూడా చూశాను. 1968, పదమూడు నిమిషాలు, ఆమె వయసు 18. పదిహేనేళ్లప్పుడు దర్శకుడు గొడార్ తీసిన ‘పియెరో ల ఫూ’ చూసి సినిమాలే తీయాలనుకుందట. ఫిల్మ్ స్కూల్లో చేరి, నెలలు తిరక్కుండానే మానేసింది. ఇందులోనూ తనే నటి. కూనిరాగం తీస్తూ వంటింట్లోకి దూరుతుంది. స్పగెట్టీ వండుకు తింటుంది, గిన్నెలన్నీ నేలమీద పారేసి తుడుస్తుంది. బూట్లకు పాలిష్ వేస్తూ వేస్తూ, ఆగకుండా కాళ్లకీ రాసేసుకుంటుంది! నవ్వాను. చివర తెర నల్లబడి పేలుడు వినిపించాక, ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

2022లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక అత్యుత్తమ సినిమాల పోల్లో మొదటి స్థానం పొందిన ఆమె సినిమా ‘జాన్ డీల్మాన్’కి విత్తనం ఈ వంటిల్లే అనిపిస్తోంది. దాన్ని ఇంకొన్నాళ్లు దాచుకుంటాను. ముందు 1972 నాటి ‘హోటల్ మాంటెరీ’ చూడాలి. న్యూయార్క్‌లో ఒక చవక హోటలు, దాని నడవాలు, లిఫ్టు, గదులు. గంటసేపు అసలు శబ్దమే ఉండదట. ఎప్పుడు చీకటి పడుతుందా అని ఉంది.