ఎనిమిది సిలిండర్ల బైకు పుట్టిన ఊరు

ఇటలీలోని కోమో సరస్సు అనగానే సినిమాతారల భవంతులూ, కొత్త జంటల విహారాలే గుర్తొస్తాయి. అదే సరస్సు తూర్పు ఒడ్డున, కొండల కింద ఒదిగినట్టుండే చిన్న ఊరు మండెల్లో దెల్ లారియో. మిలాన్‌లో రైలెక్కితే లెక్కో మీదుగా చేరుకోవచ్చు. బైకుల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడ రైలు దిగి సరస్సు వైపు చూడను కూడా చూడరు. నేరుగా ఎర్ర గేటున్న పాత ఫ్యాక్టరీకే వెళ్తారు. అది మోటో గూట్సీ పుట్టిల్లు!

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ముగ్గురు స్నేహితులు కలిసి బైకులు చేయాలని కలలుగన్నారు. వారిలో పైలట్ జొవాన్ని రవెల్లి 1919లో విమాన ప్రమాదంలో పోయాడు. మిగిలిన కార్లో గూట్సీ, జోర్జో పరోడి 1921లో కంపెనీ పెట్టి, అతని జ్ఞాపకంగా గద్ద బొమ్మను గుర్తుగా ఎంచుకున్నారు. నేటికీ ట్యాంకుల మీద ఆ గద్దే ఎగురుతోంది.

ఈ ఫ్యాక్టరీలోనే 1955లో ఓ వింత తయారైంది. అప్పటి 500 సీసీ రేసుల్లో నాలుగు సిలిండర్ల ఇంజిన్లదే రాజ్యం. గూట్సీ ఇంజినీరు జూలియో చెజారె కర్కానో ఏకంగా ఎనిమిది పెట్టేశాడు. అంటే ఒక్కో సిలిండరు సుమారు 62 సీసీ... మన టీవీఎస్ 50 మోపెడ్ ఇంజిన్ కన్నా కాస్త పెద్దదంతే! సిలిండరు చిన్నదైతే పిస్టన్ తేలికవుతుంది, ఇంజిన్ మరింత వేగంగా తిరుగుతుంది. నిమిషానికి 12,000 చుట్లు, 78 హార్స్‌పవర్. ఎనిమిది కార్బురేటర్లు, చల్లబరచడానికి నీళ్లు. ముందు చక్రాన్ని కూడా కప్పేసే రేకు తొడుగుకు రూపమిచ్చింది ఫ్యాక్టరీలోనే ఉన్న విండ్ టనెల్. మనిషిని కూర్చోబెట్టి, బైకు మీదికి గాలి వదిలి చూసే సొరంగమది. 1950ల్లో ఓ బైకుల కంపెనీకి అదో విడ్డూరమే.

వేగం గంటకు 275 కిలోమీటర్లు. మన రాజధాని ఎక్స్‌ప్రెస్‌కు దాదాపు రెట్టింపు. టైర్లూ, బ్రేకులూ మాత్రం ఆనాటివే! పైగా క్రాంక్‌షాఫ్టులు విరిగేవి. దాన్ని నడపడమంటే ప్రాణాలతో పందెమే. 1957లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసులో డికీ డేల్ ఒక సిలిండరు పనిచేయకపోయినా మిగిలిన ఏడింటితోనే నాలుగో స్థానంలో వచ్చాడు. ఇటలీ రేసులు కొన్ని గెలిచినా, ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు ఒక్కటీ దక్కలేదు. తమాషా ఏమిటంటే, అదే గూట్సీ ఒంటి సిలిండరు బైకు 350 సీసీ విభాగంలో 1953 నుంచి 1957 దాకా వరసగా అయిదేళ్లు ప్రపంచ టైటిల్ కొట్టింది.

కర్కానోకు మరో రెండేళ్లు దొరికితే ఎలా ఉండేదో! దొరకలేదు. ఇటలీ జనం చిన్న కార్ల వైపు మళ్లారు, బైకుల అమ్మకాలు తగ్గాయి, రేసుల ఖర్చు భారమైంది. 1957 చివర్లో గూట్సీ, జిలేరా, మోండియాల్ కంపెనీలు గ్రాండ్‌ప్రి పోటీల నుంచి తప్పుకున్నాయి. పక్కగాలికి బైకును అటూఇటూ తోసేస్తోందని ఆ రేకు తొడుగునూ 1958 నుంచి నిషేధించారు.

కర్కానో ఆ తర్వాత రూపొందించిన రెండు సిలిండర్ల ఇంజిన్ 1967లో వీ7 బైకుతో రోడ్డెక్కింది. దాని వారసులు ఇప్పటికీ మండెల్లోలోనే తయారవుతున్నాయి. ఎనిమిది సిలిండర్ల బైకు కంపెనీ మ్యూజియానికి చెందిన సేకరణలో ఉంది. అంతదూరం వెళ్లేవాళ్లు మ్యూజియం తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది. మూసి ఉంటే... సరస్సు ఎలాగూ ఉంది.