వెయ్యి అడుగుల బొమ్మ

మా నాయన నా కామిక్ మొదటిసారి చూసింది వాట్సాప్ ఫార్వర్డ్‌లో. హిందూపురంలో ఉండే మా చుట్టం ఒకాయన పంపించాడు. కింద ఉండాల్సిన నా సంతకాన్ని దారిలో ఎవరో కత్తిరించేశారు. నాయన దాన్ని పైనుంచి కిందదాకా జరుపుకుంటూ చూసి, అమ్మకు చూపించి, ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. "ఎవురో మన బోరు కతే గీసినారు రా. ఆ టెంకాయ పట్టుకొనే ఆయప్ప గుడకా ఉండాడు" అన్నాడు.

"ఔనా" అన్నాను. గీసింది నేనేనని చెప్పడానికి మూడు వారాలు పట్టింది.

మాది చిలమత్తూరు. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. కాస్త అటు పోతే కర్ణాటక. పేరుకు కర్ణాటకే గానీ బాగేపల్లిలో కూడా తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. ఈ సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అంటారు. ఆ సగటు వాన ఏ ఏడాది, ఎప్పుడు పడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. చెనిక్కాయ వేసినవాళ్ళు ఆకాశం చూస్తారు, చదువుకున్నవాళ్ళు బెంగళూరు బస్సు చూస్తారు. నేను బస్సెక్కినవాణ్ణి. పగలు కోడ్ రాస్తాను, రాత్రి బొమ్మలు గీస్తాను.

నాకు బొమ్మలు రావు. అది ముందే చెప్పాలి. ఇంజినీరింగ్ హాస్టల్లో ఎవరో ఎక్స్‌కేసీడీ చూపించారు. రాండల్ మన్రో 2005లో మొదలుపెట్టిన వెబ్‌కామిక్ అది. మనుషులంటే ఒక సున్నా, ఐదు గీతలు, అంతే. చూడగానే నవ్వొచ్చింది, తర్వాత ధైర్యమొచ్చింది. ఇక్కడ రచితా తనేజా 2014లో శానిటరీ పానెల్స్ మొదలుపెట్టి, అలాంటి పుల్లల మనుషులతోనే రాజకీయాలు మాట్లాడించింది. చేయి తిరగకపోయినా చూపు ఉంటే చాలనుకుని నేనూ దూకాను.

బెంగళూరులో నెలకోసారి ఒక కెఫేలో కలిసే చిన్న బృందం మాది. పదిమంది దాకా ఉంటాం. ఒకరు కన్నడంలో గీస్తారు, నేను తెలుగులో, మిగతావాళ్ళంతా ఇంగ్లీషులో. కామిక్ కాన్ జరిగేటప్పుడు నలుగురం కలిసి ఒక బల్ల అద్దెకు తీసుకుంటాం. కామిక్స్ కన్నా స్టిక్కర్లు ఎక్కువ అమ్ముడుపోతాయి. బల్ల అద్దె తిరిగొస్తే ఆ ఏడు పంట పండినట్టే. ఇందులో డబ్బు లేదని అందరికీ తెలుసు. అయినా నెలకోసారి ఒకరి బొమ్మ మీద ఇంకొకరు వేలు పెట్టి "ఇక్కడ కథ ఆగిపోయింది" అని చెప్పడం కోసం వస్తాం. ఆఫీసులో కోడ్ రివ్యూ అంటే కడుపులో తిప్పే నాకు ఈ రివ్యూ అంటే ఎందుకో ఇష్టం.

తెలుగులో గీయడం ఎందుకని మొదట్లో అడిగేవాళ్ళు. జవాబు కన్నా నా కష్టాలే ముందు చెప్పేవాణ్ణి. తెలుగు అక్షరం పైన గుడి, కింద వత్తు అడుగుతుంది. రెండు వరసల మధ్య జాగా వదలకపోతే పై వరస వత్తులు కింది వరస తలకట్ల మీద కూర్చుంటాయి. అందుకే నా మాటల బుడగలు ఇంగ్లీషువాళ్ళ బుడగల కన్నా లావు. మొదట్లో నేను వాడిన బొమ్మల సాఫ్ట్‌వేర్ 'లక్ష్మి'ని ముక్కలు చేసి వరసగా పేర్చేది. విసుగొచ్చి చేత్తోనే రాయడం మొదలుపెట్టాను. మా యాస సరిగ్గా పలికింది కూడా చేత్తో రాసినప్పుడే. ఏ ఫాంటులోనూ 'గుడకా' అన్న మాట మా నాయన గొంతులో వినపడలేదు.

మనకు బొమ్మల సంప్రదాయం లేక కాదు. బాపు ఉన్నాడు, చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడు, భుజం మీద బేతాళుడు ఉన్నారు. ఒక్క గడిలో నవ్వించి పంపేసే కార్టూన్ మనకు బాగా తెలుసు. గడి తర్వాత గడి పేర్చి కథ నడపడమే తక్కువ. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో రాసిన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్'లో అసలు కథంతా గడుల మధ్య ఖాళీలో జరుగుతుందంటాడు, ఆ ఖాళీని పాఠకుడే నింపుకుంటాడంటాడు. ఇంగ్లీషులో ఆ ఖాళీకి మురుగు కాలువ పేరే ఉంది. నేను మాత్రం గెనిమ అనుకుంటాను. రెండు చేల మధ్య గెనిమ మీద నడిచినవాడికే ఇటు ఏముందో అటు ఏముందో తెలుస్తుంది.

ఆయనే 2000లో ఇంకో పుస్తకంలో, తెరను పేజీ అనుకోవద్దు, కిటికీ అనుకోమన్నాడు. కిటికీ వెనక బొమ్మ ఎంత పొడవైనా ఉండొచ్చు. కొరియావాళ్ళ వెబ్‌టూన్లు ఆ మాటను నిజం చేశాయి. ఫోన్ పట్టుకుని బొటనవేలితో కిందికి, కిందికి. ఒక రాత్రి అలా జరుపుతుంటే నాకు తట్టింది. ఇంత సన్నగా, ఇంత లోతుగా కిందికి పోయే బొమ్మ నాకు ముందే తెలుసు. అది బోరు.

2016 ఎండాకాలంలో మా చేన్లో వేయించిన బోరు అది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని ఒకాయన చేనంతా నడిచాడు. టెంకాయ లేచి నిలబడిన చోట గుర్తు పెట్టారు. తిరుచెంగోడు బండి వచ్చింది. మా వైపు బోరు బండి మీద ఆ తమిళ ఊరి పేరు కనపడడం మామూలే. అడుగుకింత అని రేటు, కేసింగ్ పైపు వేరే. నేను గీసింది ఇంతే: పైన ఇంత ఆకాశం, బండి, మనుషులు. అక్కణ్ణించి ఒక సన్నటి గొట్టం. ఒక పక్క అడుగులు, ఇంకో పక్క రూపాయలు. చదివేవాళ్ళ వేలే డ్రిల్లు. మూడు వందల అడుగుల దగ్గర 'ఇంకొంచెం' అన్న బుడగ. ఐదు వందల దగ్గర అమ్మ గొలుసు. ఏడు వందల దగ్గర చిన్నాయన దగ్గర చేబదులు. తొమ్మిది వందల ఎనభై దగ్గర గొట్టం ఆగుతుంది. ఆ తర్వాత నల్లటి గడి, అందులో ఏమీ లేదు.

బృందంలో చప్పట్లు కొట్టారు. నేను అంతవరకు గీసినవన్నీ కలిపినా రానన్ని షేర్లు దానికొక్కదానికే వచ్చాయి. "వేలు నొప్పి పుట్టింది, నీళ్ళు మాత్రం పడలేదు" అని ఎవరో రాస్తే రోజంతా గాల్లో తేలాను. ఆ తర్వాతే నాయన ఫోన్.

చెప్పేద్దామని ఒక శనివారం బయల్దేరాను. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సు మారాను. బస్సు చిలమత్తూరులో ఆగింది. నేను దిగలేదు. టికెట్ పెంచుకుని లేపాక్షి పోయాను.

బళ్ళో ఉన్నప్పుడు అక్కడికి తీసుకుపోతే వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి వచ్చేశాం. ఈసారి పైకప్పు చూశాను. పదహారో శతాబ్దపు రంగులు. అర్జునుడు, కిరాతుడి కథ. పార్వతి పెళ్ళి. వరస పట్టీలుగా జరిగే కథను మెడ నొప్పెట్టేదాకా చూస్తూ నడిచాను. నడిచేవాడి కాళ్ళే ఆ కథను ముందుకు తోస్తున్నాయి. దీన్ని కట్టించిన విరూపణ్ణ కథ మా వైపు అందరికీ తెలుసు. రాజుగారి సొమ్ము లెక్క లేకుండా గుడికి ఖర్చు పెట్టాడన్న నింద వస్తే తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టాడని చెబుతారు. ఎవరి సొమ్ముతో బొమ్మ గీశావన్న ప్రశ్న మా పక్క మండలంలో అంత పాతది. నేను వాడుకున్నది అమ్మ గొలుసు.

సాయంత్రం ఇంటికి చేరి చెప్పేశాను. నాయన ఏమీ అనలేదు. అమ్మ అంది: "గొలుసు బ్యాంకులో పెట్టింది మీ అత్తకు గుడకా చెప్పలేదప్పా నేను. నువ్వు దేశానికంతా చెప్తివే." దానికి నా దగ్గర జవాబు లేదు. పేర్లు పెట్టలేదు కదా అన్నాను. "చుట్టానికి తెలిసిపోయ కదా" అంది. నిజమే. పేరు తీసేస్తే సరిపోతుందని సాఫ్ట్‌వేర్ వాళ్ళం అనుకుంటాం. ఊళ్ళో మనిషిని గుర్తుపట్టడానికి టెంకాయ పట్టుకున్న తీరు చాలు.

రాత్రి సంగటి తిన్నాక నాయన ఫోన్ తెమ్మన్నాడు. అద్దాలు పెట్టుకుని మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు.

"ఈ నెర్రెలు యాడివి?" అన్నాడు. మొదటి గడిలో నేల పగిలినట్టు గీశాను. కరువంటే అందరూ అట్లే గీస్తారు కదా. "మనది ఎర్రనేల. నెర్రెలిచ్చేది నల్లరేగడి, లేకుంటే చెరువు మట్టి. మన చేను పగలదు, దుమ్మయి లేచి పోతాది."

కిందికి జరిపాడు. "అంతా ఒకటే రంగు ఏసినావే. పైన ఎర్రమన్ను. దాని కింద గరుసు. రాయి తగిలితే తెల్లదుమ్ము, పిండి మాదిరి. అందరూ చూసేది ఆ దుమ్మునే. తడిగా వస్తాదేమోనని." కాసేపాగి, "మనదాంట్లో కడాకు పొడిదే వచ్చె" అన్నాడు.

వెయ్యి మంది చూసిన బొమ్మలో మా చేను లేదన్నమాట. ఎవరో తీసిన ఫోటోల్లోంచి తెచ్చిన కరువుంది. చేనుగలాయన్ని ఒక్క మాట అడగడానికి నాకు తోచలేదు.

కడపటి గడి దగ్గర వేలు ఆపాడు. "మూత ఏది?"

"ఏం మూత?"

"బోరు మూత. నీళ్ళు పడకపోతే అట్లే ఇడిచిపెడ్తారా? పిల్లోళ్ళు పడతారు. ఆ పొద్దే బండ ఈడ్చి పెట్టింటిమి గదా."

మరుసటి వారం ఆ కామిక్ తీసేశాను. ఫార్వర్డుల్లో తిరిగేదాన్ని ఏమీ చేయలేను. మళ్ళీ గీశాను, నాయన చెప్పిన రంగుల్లో. ఐదు వందల అడుగుల దగ్గర గొలుసు లేదు. ఏముండాలో అమ్మను అడిగితే "ఏమీ వద్దులే, అట్లే ఇడిసిపెట్టు" అంది. ఆ చోటు ఖాళీగా ఉంచాను. చివర నల్ల గడి తీసేశాను. పాఠకుడి వేలు అంత లోతుకు పోయాక మళ్ళీ పైకి రావాలి, నేల మీదికి. అక్కడ ఒక బండ, దాని మీద కూర్చుని చెప్పులు దులుపుకుంటున్న మనిషి.

బృందంలో చూపిస్తే, మొదటిదే బాగుందన్నారు, ముగింపు గట్టిగా ఉండేదన్నారు. కావచ్చు. నాయనకు పంపాను. రెండు నీలి టిక్కులు పడ్డాయి. చాలాసేపటికి జవాబు వచ్చింది: "బండ ఇంకా పెద్దది."