మార్కాపురపు అంగడిలో చీజు, నల్ల చాక్లెటు

గుంటూరు నుండి నంద్యాలకు పోవు రైలుదారిలో వినుకొండ, దొనకొండ స్టేషనులు దాటిన పిదప మాగాణములు వెనుకబడి, రాతి నేలలు, తుమ్మచెట్లు, మెట్టచేలు కానవచ్చును. పడమట నల్లమల కొండలు నీలిగీత వలె తోచుచుండగా మార్కాపురము రోడ్డు స్టేషను వచ్చును. అచ్చట దిగి ఊరిలోనికి వేరుగా బండి చేసికొని పోవలెను. ఈ సీమ 1970వ సంవత్సరము వరకు కర్నూలు జిల్లాలో నుండెను. ఆ యేట ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడినపుడు అందు చేరెను. మొన్నటి సెలవులలో మేము సకుటుంబముగా ఈ యూరు చూడబోయితిమి.

చెన్నకేశవస్వామి దర్శనము చేసికొని, పలకలు చేయు పాకల వైపు నడచితిమి. మనము అక్షరములు దిద్దిన రాతిపలకలలో అనేకములు ఈ ప్రాంతపు గనులలో పుట్టినవే. నోటుపుస్తకములును, ప్లాస్టికు పలకలును వచ్చిన పిమ్మట ఆ గిరాకి తగ్గినది. ఇప్పుడు గృహములకు పరచు బండలుగా కూడ ఆ రాతిని కోయుచున్నారు. ఆ పనులలో స్త్రీలు పెక్కుమంది కలరు.

సాయంకాలమున బజారులో నొక అంగడి కడ నిలిచితిమి. చలిపెట్టెలో చీజు పొట్లములును, ప్రక్కనే డార్కు చాక్లెటు అనబడు నల్ల చాక్లెటు బిళ్లలును ఉన్నవి. పలకల పని ముగించుకొని వచ్చిన యొక యిల్లాలు కూతురి చేయి పట్టుకొని ఆ రెంటిని చూచుచుండెను. మా వారు బడిపంతులని అంగడివాని వలన విని, ఆమె మమ్మడిగెను: “అమ్మా, పిల్లకు ఎముక గట్టిపడాలన్నా, నెత్తురు పట్టాలన్నా ఈ రెంటిలో ఏది కొనమంటారు? రెండూ కొనే డబ్బు లేదు.”

ఈ ప్రశ్న ఆ సీమలో మిక్కిలి తగినది. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి వంగిపోవు వ్యాధిని మన దేశమున మొదట వైద్యులు గుర్తించి ప్రకటించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. ఆ గ్రామములు నేటి ప్రకాశము సీమలోనివి. ఆహారమున కాల్షియము చాలని బిడ్డలకు ఈ నీటి కీడు హెచ్చు. ఇక నెత్తురు మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత కలదని తేలినది.

చీజును కొందరు జున్ను అందురు గాని, మన జున్ను ఈనిన పశువు తొలిపాలను కాచినది. చీజు మామూలు పాలను తోడు వంటి సూక్ష్మజీవులతో పులియబెట్టి, రెన్నెటను పదార్థముతో విరిచి, నీరు పిండి, ఉప్పు చేర్చి మాగబెట్టినది. పూర్వము రెన్నెటును దూడ కడుపు నుండి తీసెడివారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుండియు తీయుదురు. శాకాహారులు పొట్లముపై ఆకుపచ్చ చుక్క చూచి కొనవలెను. నల్ల చాక్లెటు కోకో గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరి చక్కెర చేర్చినది. ఆ చెట్టు అమెరికా ఖండపుదైనను, నేడు మన గోదావరి సీమలో కొబ్బరితోటల నీడను విరివిగా పెరుగుచున్నది.

రెంటిని 20 గ్రాముల చొప్పున తూచి చూతము. చెడ్డరు రకపు చీజులో సుమారు 80 కేలరీలు, 5 గ్రాముల మాంసకృత్తులు, 140 మిల్లీగ్రాముల కాల్షియము కలవు. ఇనుము లేదన్నంత స్వల్పము. నూటికి 70 పాళ్లకు పైబడి కోకో గల చాక్లెటులో సుమారు 120 కేలరీలు, ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు, 15 మిల్లీగ్రాముల కాల్షియము మాత్రమే. కాని ఇనుము రెండు మిల్లీగ్రాములకు పైగాను, మెగ్నీషియము 45 మిల్లీగ్రాములును ఉన్నవి. కాగా చీజు ఎముక పక్షము, చాక్లెటు నెత్తురు పక్షము అని తోచును.

అయినను ఆ యినుము అంతయు ఒంటికి పట్టదు. కోకోలోని వగరు గుణమే దానిని అడ్డగించును. భోజనము వెంటనే త్రాగు తేనీటి గుణమును ఇట్టిదే. చాక్లెటున చక్కెరయు, కాఫీలోని కెఫీనును కొంత గలవు. చీజున ఉప్పు హెచ్చు. రెంటను క్రొవ్వు మెండు. కావున ఏదియు కడుపు నింపు ఆహారము కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారము పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియమును, స్త్రీలకు 29 మిల్లీగ్రాముల ఇనుమును కావలెను. ఒక చీజు ముక్కయో, చాక్లెటు బిళ్లయో ఈ పద్దును తీర్చగలదా? ఒక గ్లాసెడు పాలలోగాని పెరుగులోగాని సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. 50 గ్రాముల రాగిపిండిలో 170కి పైగా కలదు. పొట్టు తీయని నువ్వులలో ఇంకను మెండు. అయితే పాలలోని దానంత సులువుగా అది ఒంటబట్టదు. వంద గ్రాముల సజ్జలలో ఇనుము ఆరు మిల్లీగ్రాములకు తక్కువ కాదు. ఇవన్నియు ఆ బజారుననే దొరకును.

కావున మేమామెతో ఇట్లంటిమి: “అమ్మా, ఈ రెంటిలో ఒకటే కొనవలెనన్న చీజే మేలు. మాంసకృత్తులు, కాల్షియము బిడ్డకు కావలసినవే. కాని అదే డబ్బుతో పాలు, రాగులు, నువ్వులు, బెల్లము కొన్నచో అంతకంటె మేలు. నెత్తురునకు సజ్జరొట్టె, ఆకుకూర పెట్టి, పైన నిమ్మరసము పిండుము.” ఆమె ఆలోచించి, అర లీటరు పాలును, పావుకిలో నువ్వులును కొనుక్కొని పోయెను. చాక్లెటు వంక పిల్ల మరలి మరలి చూచుట మాకు కష్టమే తోచినది. పండుగ నాడు ఒక చిన్న తునక పెట్టుట తప్పు గాదు.

సోదరీమణులారా! పాలును, ఇనుముగల ఆహారమును ఒక్కసారియే పెట్టక, కొంత ఎడము నుంచుట మంచిది. కాల్షియము ఇనుమును అడ్డగించును. నిమ్మ, ఉసిరిక దానిని ఒంటబట్టించును. ఫ్లోరైడు గల నీటిని కాచినంత మాత్రమున ఆ దోషము పోదు, నీరు ఇగిరిన కొలది చిక్కబడును. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగదగదు. మీ బావినీటిని ముందు పరీక్ష చేయింపుడు. మంచినీరు లేనిచో ఎంతటి ఆహారమును ఎముకను పూర్తిగా కాపాడజాలదు. పొట్లముపై మెరుగు కాగితము చూచి మురియక, వెనుకనున్న లెక్క చదివి కొనుట అక్షరము నేర్చిన మన కర్తవ్యము. అక్షరము నేర్వని పొరుగింటి వారికి దానిని చదివి చెప్పుటయు మన కర్తవ్యమే.