అరవై రోజుల గాలం

ఫిబ్రవరి చివర్లో ఒక గురువారం మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి ఆ తర్వాత లెక్క ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివే చాలామందికి నేను చెప్పక్కర్లేదు. అరవై రోజులు. ఆ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా పెట్టెలు సర్దుకోవాలి. నాది హెచ్-4. బి.యస్సీ. చదువు బీరువాలో ఉంది.

డాలస్‌కి ఉత్తరాన రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ మాది. ఆయన ఇంటర్వ్యూలన్నీ డైనింగ్ టేబుల్ మీదే. పదకొండేళ్ల పిల్లాడు బడి నుంచి వచ్చాక ఇంట్లో చప్పుడు చేయకుండా ఉండాలంటే కుదిరే పని కాదు. సాయంత్రాలు వాడిని బయటికి తీసుకుపోవడమే నా ఉద్యోగమైంది. మా కాంప్లెక్సు వెనక చిన్న చెరువు ఉంది. పట్టినవి మళ్లీ నీళ్లలో వదిలేయాలని బోర్డు కూడా ఉంది. పోయిన పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన ఫిషింగ్ రాడ్ క్లోజెట్‌లో పడి ఉంటే దులిపి తీసుకెళ్లాం.

టెక్సస్‌లో పదిహేడేళ్లలోపు పిల్లలకి ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు. నాకు కావాలి. ఆ నెలలో ముప్ఫై డాలర్లంటే ఆలోచించాల్సిన మాట. కాబట్టి వాడు విసరాలి, నేను ముడులు వేయాలి. ఆ ఒప్పందం మీద మొదలుపెట్టాం.

మొదటిరోజే ఎనిమిది డాలర్ల క్రాంక్‌బెయిట్‌ని రెండో విసురులో నీటి అడుగున ఉన్న చెట్టుకొమ్మకి సమర్పించుకున్నాం. దానికి కింద రెండు మూడుముళ్ల గాలాలు వేలాడుతుంటాయి, కనబడ్డ ప్రతిదాన్నీ పట్టుకుంటాయి, చేపను తప్ప. రోజూ అక్కడికి వచ్చే ఒక పెద్దాయన చూసి నవ్వి, రబ్బరు వానపాము కట్టడం నేర్పించారు. దాన్ని టెక్సస్ రిగ్ అంటారు. దారానికి ముందు తూటా ఆకారంలో ఉండే చిన్న బరువు ఎక్కించి, తర్వాత గాలం కట్టాలి. గాలం మొనని పురుగు తలలో కొంచెం గుచ్చి బయటికి తీసి, తిప్పి, మళ్లీ దాని ఒంట్లోకే దాచేయాలి. మొన బయట ఉండదు కాబట్టి నాచులోంచీ కొమ్మల్లోంచీ జారిపోతుంది. బాస్ ఉండేది కూడా సరిగ్గా ఆ నాచులోనే, ఆ కొమ్మల నీడలోనే. వెంటాడి అలిసిపోయే చేప కాదది, మాటు వేసే చేప.

అయినా రెండు వారాలు ఒక్కటి పడలేదు. అప్పుడు నా జువాలజీ నిద్ర లేచింది. చేప శీతల రక్త జీవి కదా! నీళ్లు చల్లగా ఉంటే జీర్ణం నెమ్మది, ఆకలి తక్కువ, కదలడానికి బద్ధకం. పెరుగు తోడుపెట్టడానికి కొనుక్కున్న థర్మామీటర్ని చెరువులో ముంచి చూశాను. 54 ఫారెన్‌హీట్. మావాడేమో రీలుని మిక్సీలా తిప్పేస్తున్నాడు. "పురుగు అడుక్కి దిగాక పది లెక్కపెట్టు, కొంచెం లాగు, మళ్లీ పది" అన్నాను. తెలుగులోనే లెక్కపెట్టమన్నాను, అదొక స్వార్థం. మూడో రోజు 'ఏడు' దగ్గర దారం పక్కకి జరిగింది. రాడ్‌కి ఏమీ తెలియలేదు, దారమే చెప్పింది. రెండు జానల చేప. వాడి అరుపుకి బాతులన్నీ లేచిపోయాయి.

ఆ తర్వాత ఇద్దరం పిచ్చిలో పడ్డాం. నీళ్లు తేటగా ఉంటే ఆకుపచ్చ, గోధుమ కలిసిన పురుగు. వాన పడి బురదగా ఉంటే నలుపు, నీలం. బాస్ కంట్లో రంగులు చూసే కణాలు రెండే రకాలు, ఒకటి ఆకుపచ్చకి, ఒకటి ఎరుపుకి. అంటే పెట్టె మీద రాసిన ముప్ఫై రంగుల్లో సగం చేపలకోసం కాదు, మనకోసం. బురద నీళ్లలో కంటికంటే ఒళ్లే ముఖ్యం. స్పిన్నర్‌బెయిట్ రేకులు తిరుగుతుంటే ఆ కదలికని అది పార్శ్వ రేఖతో పసిగడుతుంది. ఈ పార్శ్వ రేఖ బొమ్మ వేసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాను గానీ అది దేనికో నాకు అర్థమైంది ఈ చెరువు గట్టు మీదే.

మా నాన్నగారిది ఆకివీడు దగ్గర చేపల చెరువు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది కాబట్టి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయేమో చూడ్డానికి ఐదింటికల్లా గట్టు మీదుంటారు. అప్పుడు మాకు ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఆయన చెరువు నుంచి ఆయన, మా చెరువు నుంచి మేము వీడియోలో కలిసేవాళ్లం.

"పట్టి వదిలేస్తారా? మరి కూరకో?" అన్నారు మొదటిసారి. వదిలేయాలని చెప్తే చాలాసేపు నమ్మలేదు. రబ్బరు కప్పని చూపిస్తే మాత్రం మురిసిపోయారు. చిన్నప్పుడు ఆయన కొరమేనుకి కప్పగాలం వేసేవారట, బతికున్న కప్పతో. "మీది మేలే, కప్ప చావదు" అన్నారు. ఉద్యోగం సంగతి ఆయనకి చెప్పలేదు.

ఏప్రిల్ మొదటివారంలో నీళ్లు 64కి వచ్చాయి. గట్టుకి దగ్గర్లో, రెండడుగుల లోతులో, ఎవరో ఊడ్చినట్టు పళ్లెమంత గుంట కనిపించింది. పైన ఒక బాస్, కదలకుండా. అది మగది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, తోకతో నీళ్లు విసురుతూ కాపలా కాసేది మగదే. ఆ రోజుల్లో అది తిండి కోసం తిరగదు గానీ, గూటి మీదికి ఏది వచ్చినా నోటితో పట్టి అవతల పారేస్తుంది. కాబట్టి పట్టడం చాలా తేలిక.

మావాడు రబ్బరు బల్లి కట్టమన్నాడు. నేను వద్దన్నాను. మా ఊళ్లో పంటబోదెలో ఎర్రటి పిల్లల గుంపుతో తిరిగే కొరమేను మీద గాలం వేస్తే నాన్నగారు కుర్రాళ్లని ఎలా తిట్టేవారో చెప్పాను.

"నెక్స్ట్ స్ప్రింగ్ మనం ఇక్కడ ఉండం కదా అమ్మా" అన్నాడు. "నాన్నకి జాబ్ రాకపోతే. ఇంక ట్వంటీ టూ డేసే కదా."

మేం వాడికి ఆ లెక్క ఎప్పుడూ చెప్పలేదు. తలుపు వేసుకుని మాట్లాడుకున్నామనే అనుకున్నాం.

బల్లి కట్టి ఇచ్చాను. తప్పో ఒప్పో, ఆ నిమిషంలో ఇంకోటి తోచలేదు.

రెండో విసురుకే పట్టింది. అంత పెద్దది వాడు అంతవరకు పట్టలేదు. జిగురు పోకుండా చేతులు తడుపుకుని, కింది పెదవి బొటనవేలితో పట్టి, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టి ఎత్తాడు. ఫోన్ తీశాను. ఇంతలో వాడి చూపు నీళ్లలోకి పోయింది. అరచేయంత బ్లూగిల్ చేపలు ఆరో ఏడో గూటి మీద వాలాయి. "అమ్మా, ఎగ్స్ తినేస్తున్నాయ్!" ఫొటో లేదు, ఏమీ లేదు, గబగబా గాలం తీసి వదిలేశాడు. అది లోతుకి పారిపోయింది. వాడు రాడ్ కొసతో నీళ్లని కొడుతూ బ్లూగిల్స్‌ని తరమడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకి అసలుది కూడా రాదురా అని చెప్పబోయి ఊరుకున్నాను. మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

చెయ్యి నొప్పెట్టి కూర్చున్నాక, చీకటి పడేముందు వచ్చింది. గుంట మీద ఒక చుట్టు తిరిగి నిలబడింది. ఎన్ని గుడ్లు మిగిలాయో మాకు తెలియదు.

నడుస్తూ వాడికి అన్నీ చెప్పాను. సేవింగ్స్ ఎంత, ఇండియా వెళ్తే ఏ ఊరు, ఏ బడి. చాలా ప్రశ్నలు అడిగాడు. మర్నాడు నాన్నగారికీ చెప్పాను. "అల్లుడుగారు ఎప్పుడు కనబడ్డా గడ్డంతోనే ఉంటున్నారు, అనుకున్నాలే అమ్మాయ్" అన్నారాయన, మేత బస్తా విప్పుకుంటూ.

నలభై నాలుగో రోజున మిషిగన్ నుంచి ఆఫర్ వచ్చింది. యాభై రెండో రోజున పిటిషన్ వేశారు. అక్కడ స్మాల్‌మౌత్ బాస్ ఎక్కువట, వాటికి రాళ్లున్న చోట చిన్న ఎరలు వేయాలట, మావాడు అప్పుడే వెతికేశాడు. అక్కడికి వెళ్లగానే నా లైసెన్స్ ఆయనే కొంటానన్నారు. నిన్న టాకిల్ పెట్టె సర్దుతూ వీడు పెరుగు థర్మామీటర్ని కూడా అందులో పడేశాడు. పెరుగుకి ఇంకోటి కొనుక్కోవాలి.