పొమోనాలో ఇరవై అయిదో వంతు

లాస్ ఏంజిలిస్ నగరానికి తూర్పున సుమారు ముప్ఫై మైళ్ల దూరంలో పొమోనా అనే పట్టణం ఉంది. ఉత్తర దిక్కున శాన్ గాబ్రియేల్ పర్వతాలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. శీతకాలంలో వాటి శిఖరాల మీద మంచు, కింద ఇళ్ల ముంగిళ్లలో కాపుకొచ్చిన నారింజ చెట్లు ఒకే చూపులో కనబడతాయి. మా అమ్మాయి కుటుంబం ఆ పట్టణంలోనే నివసిస్తోంది. గడచిన శీతకాలంలో నేను, మా ఇంటావిడ అక్కడ రెండు నెలలు గడిపాము. సముద్రాన్ని చూశాము, ఎడారినీ చూశాము. అయినా తిరిగి వచ్చాక నా మనసులో మిగిలింది ఆ దృశ్యాలు కావు. అమ్మాయి ఇంటికి రెండిళ్ల అవతల ఉన్న ఒక గరాజు, అందులోని ఒక బల్ల.

మేము వెళ్లిన మూడో రోజునే అమ్మాయి తన బెంగ చెప్పుకుంది. “అబ్బాజాన్, వీడికి కార్ల పిచ్చి పట్టింది. మామూలు కార్లు కూడా కాదు, పందెం కార్లు. సాయంత్రమైతే చాలు, ఆ పెద్దాయన గరాజులో కూర్చుంటాడు. ఇంకో రెండున్నరేళ్లు పోతే వీడికి కారు నేర్చుకునే పర్మిటు చేతికిస్తారు. ఇక్కడ కుర్రాళ్లు రాత్రిపూట రోడ్ల మీదే పందేలు వేసుకుంటారు. మీ మాట వింటాడు, మీరైనా చెప్పండి.”

మనవడికి పదమూడేళ్లు. చదువులో మంచివాడే. అయితే వీధిలో ఏ కారు గట్టిగా చప్పుడు చేసినా తల అటు తిరిగిపోతుంది. తల్లి భయం నాకు అర్థమైంది. మరునాడు అసర్ నమాజు తరువాత నాలుగు మంచి మాటలు చెప్పి వాణ్ణి వెనక్కి తీసుకురావాలన్న ఉద్దేశంతోనే ఆ గరాజుకు నేనూ వెంట వెళ్లాను.

డెబ్బై అయిదేళ్లు దాటిన పెద్దమనిషి ఆయన. యంత్రాల పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. గరాజులో అసలు కారు లేదు. దాని స్థానంలో పొడవాటి బల్ల, భూతద్దం బిగించిన దీపం, పట్టకార్లు, ఉప్పు కాగితాలు, రంగు సీసాలు ఉన్నాయి. గోడకు ఆనించిన గాజు బీరువాలో జానెడు, మూరెడు పొడవున్న సన్నని కార్లు వరుసగా పేర్చి ఉన్నాయి. వెనుక పెద్ద చక్రాలు, ముందు సైకిలు చక్రాల వంటి రెండు చిన్న చక్రాలు, మధ్యలో పైపుల చట్రం. ప్రాణుల ప్రతిమల విషయంలో మనకున్న జాగ్రత్త వల్ల నా దృష్టి మొదట సీట్ల మీదికి పోయింది. అన్ని సీట్లూ ఖాళీగానే ఉన్నాయి. ఎందుకని మనవడి ద్వారా అడిగించాను. “మనిషిని పెడితే చూసేవాళ్లు మనిషినే చూస్తారు. సీటు ఖాళీగా ఉంటే అక్కడ తాము కూర్చుంటే ఎలా ఉంటుందో ఆలోచిస్తారు” అన్నారాయన. ఆయన వేరే కారణంతో ఆ పద్ధతి పాటించినా, ఆ జవాబు నాకు నచ్చింది.

పాఠకులలో చాలామందికి ఈ పందెం పరిచయం ఉండకపోవచ్చు. దీనిని డ్రాగ్ రేసు అంటారు. రెండు కార్లు పక్కపక్కన నిశ్చలంగా నిలబడతాయి. దీపం వెలగగానే తిన్నని బాటపై పావు మైలు దూరం, అంటే 1320 అడుగులు పరుగెత్తుతాయి. మలుపులు ఉండవు. ముందుగా గీత దాటినవాడు గెలిచినట్టు. 1970 ప్రాంతంలో మేటి కార్లు ఆ దూరాన్ని దాదాపు ఆరున్నర సెకన్లలో దాటేవి.

ఆ ఆదివారం మనవడు పట్టుబట్టి మమ్మల్ని ఊళ్లోని ప్రదర్శనశాలకు తీసుకువెళ్లాడు. లాస్ ఏంజిలిస్ జిల్లా జాతర జరిగే ఫెయిర్‌ప్లెక్స్ ప్రాంగణంలో 1998లో తెరచిన, వాలీ పార్క్స్ పేరు మీద ఉన్న మ్యూజియం అది. అక్కడి గోడల మీది చరిత్ర చదువుతుంటే నా అభిప్రాయం కొద్దిగా కదిలింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలో యువకులు పాత కార్లకు మరమ్మతులు చేసి, ఎండిపోయిన చెరువు నేలల మీదా, ఊళ్లలోని రోడ్ల మీదా పందేలు వేసుకునేవారు. రోడ్ల మీది పందేలు ప్రాణాలు తీసేవి. పత్రికలు తిట్టాయి, పోలీసులు పట్టుకున్నారు, అయినా ఆగలేదు. అప్పుడు ఒక మోటారు పత్రికకు సంపాదకుడుగా ఉన్న వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించారు. ఆ సంస్థ మొట్టమొదటి అధికారిక పందెం 1953 ఏప్రిల్‌లో ఇదే జాతర మైదానపు పార్కింగు స్థలంలో జరిగింది. పొమోనా పోలీసు శాఖలో పనిచేసిన బడ్ కూన్స్ మరుసటి సంవత్సరం మరి కొందరితో కలిసి దేశమంతా తిరిగి, పందేలను సురక్షితంగా నిర్వహించడం ఊరూరా నేర్పారు. యువకుల మోజును వారు చంపలేదు. దానిని జనం నడిచే రోడ్డు మీది నుండి, కంచె ఉన్న బాట మీదికి మార్చారు.

ఆ తరువాత ప్రతి సాయంత్రం నేనూ గరాజుకు వెళ్లసాగాను. ఈ పనిలో ఉన్న కష్టం అప్పుడే తెలిసింది.

ఇక్కడి నమూనాలలో ఎక్కువ భాగం అసలు కారులో ఇరవై అయిదో వంతు. ఇరవై అయిదు అడుగుల కారు బల్ల మీద ఒక అడుగవుతుంది. కార్ల దుకాణాలలో ప్రచారానికి ఇచ్చే బొమ్మల నుండి ఈ కిట్లు పుట్టాయి. 1960లలో మిషిగన్ రాష్ట్రంలోని ఏ.ఎం.టి., ఇదే లాస్ ఏంజిలిస్ నగరపు వెనిస్ ప్రాంతంలోని రెవెల్ వంటి కంపెనీలు వాటిని ఇంటింటికీ చేర్చాయి. ప్లాస్టిక్ తీగకు కాయల్లా వేలాడే విడి భాగాలను కత్తిరించి, సబ్బు నీటితో కడిగి, అచ్చు అతుకుల గీతలను ఉప్పు కాగితంతో అరగదీసి, ఆపైన అతికించాలి. రంగు వేయడంలోనూ లెక్క ఉంది. నమూనా మీద మిల్లీమీటరులో పదో వంతు మందం రంగు పడితే, అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల మందం పూసినట్టు. అందుకే పలుచగా ఒక పూత వేసి, ఆరనిచ్చి, మరో పూత వేయాలి. “తొందరపడితే రంగే సాక్ష్యం చెబుతుంది” అని ఆయన అనేవారు.

కిట్టులోని చట్రం ఆయనకు నచ్చదు. అసలు కారు పైపు మందం ఒకటిన్నర అంగుళమైతే నమూనాలో అది ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. అందుకని సన్నని ఇత్తడి గొట్టాలను వంచి ఆయనే అతుకుతారు. మనవడి చేత 1957, 1958 నాటి క్రైస్లర్ కార్లలో వచ్చిన 392 ఘనపు అంగుళాల ఇంజను నమూనా చేయించారు. దాని మీద కూర్చునే గాలి పంపు అసలు బస్సుల, లారీల డీజిల్ ఇంజన్ల కోసం తయారైనదట. ఎనిమిది సిలిండర్లకు ఎనిమిది వైర్లు, వెంట్రుకంత సన్నవి. అవి 1, 8, 4, 3, 6, 5, 7, 2 అనే క్రమంలోనే మాగ్నెటోకు చేరాలి. మనవడు రెండు వైర్లు తారుమారు చేశాడు. కంటికి తేడా కనబడదు. పెద్దాయన మారు మాట్లాడకుండా ఆ రెంటినీ ఊడదీసి వాడి అరచేతిలో పెట్టారు. “ఎవరు చూస్తారు?” అన్నాడు వాడు. “నువ్వు చూశావుగా” అన్నారాయన.

ఒకనాడు గోడ మీది ఫోటోలు చూపించారు. ఏ కారు నమూనా చేయాలన్నా ముందు ఆ కారు ఫోటోలు సేకరిస్తారు. ఫోటో తీసిందెవరు, ఏ నెలలో, ఏ బాట మీద అని వెనుక రాసుకుంటారు. ఫిబ్రవరిలో ఉన్న రంగు జూన్‌లో మారిపోయి ఉండవచ్చు, కనుక ఫిబ్రవరి ఫోటో జూన్ పందేనికి సాక్ష్యం కాదు. నలుపు తెలుపు ఫోటో రంగు గురించి సాక్ష్యం చెప్పలేదు. జ్ఞాపకం మీద ఎవరైనా ఒక మాట చెబితే, ఆయన ఆ రోజు అక్కడ ఉన్నాడా అని విచారిస్తారు. వింటుంటే నాకు మా పాఠాలు గుర్తుకొచ్చాయి. హదీసు విద్యలో ఉల్లేఖకుడెవరు, ఎవరి నుండి విన్నాడు, వారిద్దరూ కలుసుకున్నారా అని చూడనిదే ఉల్లేఖనాన్ని స్వీకరించం. ఆ మహత్తర విద్యతో ఈ కాలక్షేపాన్ని తూచడం నా ఉద్దేశం కాదు. కానీ తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకూడదన్న నియమం ఒక పిల్లవాడి చేతికి అలవాటవుతూ ఉంటే, అది ఏ బల్ల మీదనైనా మంచిదే.

ఇంత జాగ్రత్త ఎందుకని అడిగాను. ఆ కార్లలో చాలా వరకు మిగలలేదని చెప్పారు. ఒక కాలం గడిచాక కోసి, విడి భాగాలు మరో కారుకు వాడుకునేవారట. బాటలూ మిగలలేదు. లాంగ్ బీచ్ దగ్గర 1955లో మొదలైన లయన్స్ డ్రాగ్ స్ట్రిప్ 1972 డిసెంబరులో మూతపడింది. ఆరెంజ్ కౌంటీ బాట 1967లో మొదలై 1983లో ముగిసింది. మిగిలినవి ఫోటోలు, జ్ఞాపకాలు, ఇలాంటి బీరువాలు.

ఆ లయన్స్ పేరు రాగానే ఆయన బీరువా తెరచి రెండు నమూనాలు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. రెండూ నల్లనివి, రెండూ ఫ్లోరిడావాసి డాన్ గార్లిట్స్ కార్లు. మొదటిదానిలో ఇంజను ముందు, సీటు వెనుక చక్రాల ఇరుసుకు ఆవల. నడిపేవాడి కాళ్ల ముందే క్లచ్, గేర్ బాక్సు. రెండోదానిలో సీటు ముందు, ఇంజను వెనుక.

నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. పెద్దాయన చెబుతుంటే మనవడు ఒక్కొక్క వాక్యం నాకు అందించసాగాడు.

“1970 మార్చి 8న జరిగిందట నానాజాన్. లయన్స్‌లోనేనట. దీపం వెలిగింది, కారు కదిలిందట. గేర్ బాక్సు పేలిందట. కారు రెండు ముక్కలైందట. ఆయన కుడి...”

వాడు ఆగిపోయాడు. పెద్దాయన కూడా ఆగి ఎదురుచూశారు.

“కుడి ఏమిటి బేటా?” అన్నాను.

వాడు జవాబు చెప్పకుండా తన ముందున్న, తాను చేస్తున్న కారు వైపు చూశాడు. అదీ ఇంజను ముందున్న కారే. అంతకు ముందు రోజే బియ్యపు గింజంత పెడల్ తానే కోసి, పట్టకారుతో పట్టుకొని, ఆ గేర్ బాక్సు పక్కనే అతికించాడు. నాలుగు సార్లు ఊడితే నాలుగు సార్లూ అతికించాడు. పాదం ఎక్కడ ఉంటుందో వాడికి చెప్పవలసిన పని లేదు.

“పాదంలో ముందు భాగం పోయిందట” అన్నాడు చివరకు, చిన్న గొంతుతో.

గార్లిట్స్ ఆ పరుగును వదిలిపెట్టలేదు. ఆసుపత్రి మంచం మీదే మరో కారు గురించి ఆలోచించారు. ఇంజనును వెనక్కి మార్చడం అంతకు ముందు కొందరు ప్రయత్నించినదే, కానీ కారు అదుపులో ఉండేది కాదు. స్టీరింగు తిప్పిన కొద్దీ ముందు చక్రాలు మరీ తొందరగా తిరగకుండా మందగింపజేశాక అది తిన్నగా పరుగెత్తింది. ఏడాది తిరగకముందే, 1971లో, ఇదే పొమోనా బాట మీద ఆ కారుతో ఆయన గెలిచారు. కొన్నేళ్లలోనే ఆ తరగతి పందెగాళ్లందరూ ఇంజను వెనుకనే పెట్టుకున్నారు. ఎంతమంది పాదాలు, ప్రాణాలు దానివల్ల నిలిచాయో అల్లాహ్‌కే తెలుసు.

ఆ రాత్రి ఇంటికి నడిచి వస్తూ మనవడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను సిద్ధం చేసుకొని వెళ్లిన నాలుగు మంచి మాటలు నా దగ్గరే ఉండిపోయాయి.

భోజనాల తరువాత అమ్మాయి అడిగింది, “చెప్పారా అబ్బాజాన్?”

“నేను చెప్పలేదు బేటీ. వాడే నాకు చెప్పాడు” అని జరిగినది వివరించాను. “వీడి మోజును తీసివేయమన్నావు. అది నా వల్ల అయ్యే పని కాదు. తీసివేస్తే ఇంకో చోట, మనకు కనబడని చోట మొలుస్తుంది. ఈ ఊరివాళ్లు పందేన్ని రోడ్డు మీది నుండి బాట మీదికి మార్చారు. ఆ గాయపడ్డాయన ఇంజనును ముందు నుండి వెనక్కి మార్చాడు. ఈ పెద్దాయన మన పిల్లవాడి వేగాన్ని బల్ల మీదికి మార్చాడు. అక్కడ ఉండనివ్వు.”

అమ్మాయి కాసేపు ఆలోచించింది. “పదిహేనున్నరేళ్లు నిండాక ఏం చేస్తాడో చూద్దాం” అంది. ఆమె భయం పూర్తిగా పోలేదు. పోవాలని నేనూ అనలేదు. తల్లి భయం కూడా ఒక కంచెయే.

మేము బయలుదేరే ముందు రోజు మనవడు సుద్దముక్క, కొలత టేపు పట్టుకొని నన్ను కాలిబాట మీదికి పిలిచాడు. 1320 అడుగులలో ఇరవై అయిదో వంతు 52.8 అడుగులు. మా మదరసా వరండా అంత ఉంటుందేమో. ఒక చివర గీత గీసి, కొలిచి, రెండో చివర మరో గీత గీశాడు. నేను నడిచాను, వాడు గడియారం చూశాడు. పదమూడు సెకన్లు పట్టింది. “అసలు కారు అసలు దూరాన్ని ఇందులో సగం సేపట్లో దాటేది నానాజాన్” అన్నాడు.

అంతటితో వాడు లేవలేదు. పందెం పూర్తయిన తరువాత కారు ఆగడానికి, పరుగెత్తిన దూరం కంటే ఎక్కువ నేల వదలాలని పెద్దాయన నేర్పారట. వాడి కారు వెనుక మడిచి కట్టిన చిన్న గుడ్డ పారాచూట్ కూడా ఉంది. మనవడు టేపు పట్టుకొని గెలుపు గీత దాటి ముందుకు నడిచాడు. పక్కింటి నారింజ చెట్టు నీడ దాకా వెళ్లి, అక్కడ మోకాళ్ల మీద కూర్చొని, ఆగవలసిన చోటుకు మూడో గీత గీశాడు.